ప్రాచ్య ఇటాలియనా? ఇక చాలు!



చాలా రోజుల తరువాత ఈ టపా వ్రాస్తున్నాను. కీబోర్డు మీద నా వ్రేళ్ళకు ఇంకా వేగం రాలేదు గాని, కోపం మాత్రం వేగంగానే వచ్చింది. అది చల్లారకముందే నాలుగు మాటలు వ్రాయాలని కూర్చున్నాను.

మొన్న ఒక సాహిత్య సభకు పోయినాను. వక్తలు ఐదుగురు. వారిలో ముగ్గురు తమ ప్రసంగాలను ఒకే వాక్యంతో మొదలుపెట్టినారు: మన తెలుగు “ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్” అట! చప్పట్లు మ్రోగినవి. నా ప్రక్కన కూర్చున్న పెద్దాయన కండ్లు తుడుచుకున్నాడు. ముప్పది రెండేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి, ఈ వాక్యాన్ని కొన్ని వేలమంది పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి నేను. నా చేతులు మాత్రం లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పడానికే ఈ వ్రాత.

నిజాంపేటలో మేముండే అపార్టుమెంటులో మా పై అంతస్తున ఒక జంట ఉన్నది. ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగస్థులు. పోయిన వేసవిలో కూతుర్ని అమ్మమ్మగారికి అప్పగించి ఇద్దరే ఇటలీ వెళ్ళినారు. రోములో కారు అద్దెకు తీసుకొని సియెనా, ఫ్లోరెన్సు, రవెన్నాల మీదుగా వెనిసు దాకా పన్నెండు రోజుల ప్రయాణం. వెళ్ళబోయే ముందు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, మీకేం తెమ్మంటారు?” అని అడిగింది. “రవెన్నా నుంచి వెనిసుకు పోయే దారిలో కియోజ్జా అని ఒక రేవు పట్టణం తగులుతుంది. అక్కడ నిలబడి ఒక్క ఫోటో తీసుకొనిరా తల్లీ, చాలు” అన్నాను.

ఎందుకు కియోజ్జా? మన సభలలో తెలుగుకు ఆ బిరుదు ఇచ్చినాడని చెప్పుకొనే నికొలో కాంటిది ఆ ఊరే గనుక. 15వ శతాబ్దపు పూర్వార్ధంలో విజయనగరం చూచిన వర్తకుడు. నగరం చుట్టుకొలత అరువది మైళ్ళని, ఆయుధం పట్టగలవారు తొంబది వేలమంది ఉన్నారని చెప్పినవాడు. ఆయన కూడ ఒంటరిగా తిరిగినవాడు కాడు. ఈ దేశంలోనే పెండ్లాడి, ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని తిరుగు ప్రయాణం కట్టినాడు. దారిలో ఈజిప్టులో మహమ్మారి తగిలి భార్యా, ఇద్దరు బిడ్డలూ పోయినారు. మిగిలిన బిడ్డలతో ఇల్లు చేరినాడు. ఆయన చెప్పిన కథను పోపు గారి కార్యదర్శి పోజో బ్రాచ్చొలీని లాటిను భాషలో గ్రంథస్థం చేసినాడు. 1857లో హాక్లూయిట్ సొసైటీ వారు దానిని ఇంగ్లీషులో ప్రకటించినారు. నేను పదవీ విరమణ చేసిన తరువాత ఆ అనువాదాన్ని సంపాదించి, పెన్సిలు పట్టుకొని ఆ కొద్ది పుటలనూ రెండు మారులు చదివినాను. విజయనగరం ఉన్నది, పండుగలున్నవి, మిరియాలున్నవి, రత్నాలున్నవి. తెలుగును ఇటాలియనుతో పోల్చిన మాట మాత్రం నాకు కనబడలేదు.

కనబడకపోవడంలో వింత లేదు. కాంటి నాటికి ఇటలీ అనే రాజ్యం లేదు. అది ఏర్పడింది 1861లో. కియోజ్జా వెనిస్ రాజ్యంలోని ఊరు. అక్కడివారి వాడుక వెనీషియన్. ఆ కాలపు వర్తకుడొకడు హంపీ బజారులో నిలబడి, “ఆహా, ఇది తూర్పుదేశపు ఇటాలియన్!” అనడమంటే, కృష్ణరాయలవారు భువనవిజయంలో “మన ఆంధ్రప్రదేశ్” అన్నట్లుంటుంది. ఈ పోలిక 19వ శతాబ్దపు ఆంగ్లేయుల వ్యాకరణాలలో, వ్యాసాలలో కనబడేది. దొరవారు మెచ్చుకున్న మాటను మనం ఇంకొక దొర నోట పెట్టి, దానికి నాలుగు వందల ఏండ్ల వయస్సు కూడ కలిపినాము!

సరే, ఎవరన్నా నేమి, పోలిక నిజమా కాదా అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం నాకు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో దొరికింది.

ఆ అమ్మాయి పదవ తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివినది. ప్రయాణానికి ముందు ఒక చిన్న పుస్తకంలో అవసరమైన ఇటాలియను మాటలు ఎక్కించుకున్నది, తెలుగు లిపిలో! “ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే పలకడం తప్పిపోతున్నదండీ, తెలుగులో వ్రాసుకుంటే ఉన్నది ఉన్నట్లు వస్తున్నది” అన్నది. ఆ పుస్తకం నాకు చూపించింది. నేను ఒక పూటంతా దానితోనే కూర్చున్నాను.

చూడండి. ఇంగ్లీషువాడు ట అని పలికేచోట ఇటలీవాడు పలికేది పండ్ల వెనుక నాలుక ఆనించే మన త. అందుకే ఆమె బయటికి పోవు దారిని “ఊషీతా” అని, ఖరీదెంత అన్నదానిని “క్వాంతో కోస్తా” అని వ్రాసుకున్నది. వారి భాషలో ద్విత్వం తప్పితే అర్థమే తప్పుతుంది. “పాలా” అంటే పార, “పల్లా” అంటే బంతి. మనకు కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఇంగ్లీషు చెవికి ఈ తేడా సులభంగా అందదు, తెలుగు చెవికి చెప్పనక్కరలేదు. కృతజ్ఞత తెలిపే మాటను ఆమె “గ్రాౘియె” అని వ్రాసి, చకారం నెత్తిన చిన్న గుర్తు పెట్టుకున్నది. అది మన దంత్య ౘకారం! ౘాప, ౘుక్క, ౙామ, ౙొన్నలలో మనం రోజూ పలుకుతూ, వ్రాతలో మాత్రం గుర్తు పెట్టడం మానేసిన ఆ రెండు ధ్వనులూ ఇటాలియనులో సజీవంగా ఉన్నవి. మనం పిజ్జా అని పిలిచేదానిని వారు దంత్య ౘకారానికి ద్విత్వమిచ్చి పలుకుతారు.

ఇంకొక మాట. లాటినులో క అని పలికిన అక్షరం ఇ, ఎ అచ్చుల ముందు ఇటాలియనులో చ అయింది. నూరును లాటినువాడు కెంతుమ్ అంటే ఇటలీవాడు చెంతో అన్నాడు. మనకూ అదే జరిగింది కదా! కన్నడిగుడికి కివి, మనకు చెవి. వారికి కెరె, మనకు చెరువు. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు, నోరు మనుష్యుల నోరే గనుక, ఒకే తీరున మారినవి. ఇదీ అసలు పోలిక. అజంత భాష, అజంత భాష అని గొంతు చించుకొనే వక్తలలో ఒక్కరైనా ఇది చెప్పగా నేను వినలేదు. బిరుదు చాలు, భాష అక్కరలేదు.

అజంతమన్న మాట వచ్చింది గనుక దాని సంగతీ చూద్దాము. మన పూర్వులు బస్ వస్తే బస్సు చేసినారు, రోడ్ వస్తే రోడ్డు చేసినారు. పరాయి హల్లుకు ఉకారం తొడిగి ఇంటిపేరు ఇచ్చినారు. ఇటలీవారు ఆపాటి కూడ చేయలేదు. బార్‌ను బార్ గానే, ఫిల్మ్‌ను ఫిల్మ్ గానే ఉంచుకున్నారు. ఆ లెక్కన వారికంటె మనమే ఎక్కువ అజంతులము. కాని ఇప్పుడు మా అపార్టుమెంటు పిల్లల నోట ఆ ఉకారం కూడ ఊడిపోయింది. బస్సు మళ్ళీ బస్ అయింది, పాలు మిల్క్ అయినవి, నీళ్ళు వాటర్ అయినవి. ఇక అచ్చులెక్కడివి, అజంతమెక్కడిది?

మళ్ళీ మన దంపతుల దగ్గరకు వస్తాను. ఫ్లోరెన్సులో వారికొక శాస్తి జరిగింది. ఇటలీలోని పాత నగరాల నడిబొడ్డులోకి అనుమతి లేని వాహనాలు పోరాదు. తెల్లని బిళ్ళకు ఎర్రని అంచు గల గుర్తు ఒకటుంటుంది. దానికి తోడు “వార్కో ఆత్తీవో” అని దీపాల అక్షరాలు వెలుగుతుంటే, ద్వారం పనిచేస్తున్నదని, అంటే లోనికి రావద్దని అర్థం. కెమెరా నంబరు తీసుకుంటుంది. ఆ పూట అమ్మాయి అలసి నిద్రపోయింది. అబ్బాయి ఫోను చూపిన దారిని నమ్ముకొని కారు పోనిచ్చినాడు. ఆ మాటలకు అర్థం భార్య పుస్తకంలో ఉన్నది. కాని అబ్బాయికి తెలుగు చదవడం రాదు! చిన్ననాటి నుండి ఇంగ్లీషు మాధ్యమం. నాలుగు నెలల తరువాత నిజాంపేటకు జరిమానా కాగితం వచ్చింది. దాదాపు నూరు యూరోలు. “ఇటాలియను రాక కట్టిన జరిమానా మాస్టారూ” అని నవ్వినాడు. “కాదు నాయనా, తెలుగు రాక కట్టినది” అన్నాను. నవ్వు ఆగింది.

ఆ దేశంలో పరాయివాడు చదవలేక నష్టపోయినాడు. అది వాడి తప్పు, కట్టినాడు. ఇక మా దేశం సంగతి వినండి.

మా అపార్టుమెంటులో పనివారికి గేటు పాసులున్నవి. పాసులన్నీ ఫలానా తేదీలోగా మార్చుకోవాలని లిఫ్టు దగ్గర నోటీసు అంటించినారు, ఇంగ్లీషులో. మా ఇంట్లో పనిచేసే ఆమె శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చినది. ఐదవ తరగతి దాకా చదివినది. తెలుగు చక్కగా చదువుతుంది. రోజూ ఆ నోటీసు ముందు నుండే చీపురు పట్టుకొని నడిచింది. తేదీ దాటిపోయింది. గేటు దగ్గర ఆపినారు. రెండు రోజులు ఐదిండ్ల పని పోయింది, కూలి కోసినారు. ఫ్లోరెన్సులో పరాయివాడు చదవలేక జరిమానా కట్టినాడు. నిజాంపేటలో ఈ గడ్డ భాష చదవగలిగిన మనిషి, ఈ గడ్డ మీదనే, చదవగలిగి కూడ జరిమానా కట్టింది.

ఆ నోటీసు ముసాయిదా చదివిన సంఘ సభ్యులలో నేనొకణ్ణి. తెలుగు పండితుణ్ణి. “క్రింద తెలుగులో కూడ వ్రాయండి” అని ఒక్క మాట నా నోట రాలేదు. నలుగురిలో పాతకాలపువాడనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. ఆ మరునాడే ఒక పాఠశాల వార్షికోత్సవంలో తెలుగు తీపిని గురించి ముప్పావు గంట మాట్లాడి శాలువా కప్పించుకొని వచ్చినాను. నేను కోప్పడుతున్నది ఇతరుల మీద మాత్రమే అనుకోకండి.

ఇటలీవారు స్వర్గంలో ఉన్నారని నేననను. దేశం ఒకటయ్యేనాటికి వారిలో ఇటాలియను మాట్లాడేవారు కొద్దిమందే. తక్కినవారివి ఎవరి ప్రాంతపు పలుకులు వారివి. ముస్సోలినీ కాలంలో పరభాషా పదాల మీద నిషేధాలు పెట్టినారు. ఆ తోవ మనకు వద్దే వద్దు. నేటికీ పర్యాటకులుండే చోట బోర్డుల మీద ఇంగ్లీషు ఉన్నదని, ఆ దంపతులే చెప్పినారు. కాని ఇటాలియనును తీసి ఇంగ్లీషు పెట్టలేదు. అదీ తేడా. ఫ్లోరెన్సులో 1583లో క్రుస్కా అకాడమీ పుట్టి 1612లో నిఘంటువును ప్రకటించింది. అది పండితుల పని. నాకు అంతకంటె ముచ్చటైనది మరొకటి ఉన్నది. 1960 నుండి 1968 వరకు అల్బెర్తో మాన్జీ అనే బడిపంతులు టెలివిజనులో బొగ్గుముక్కతో బొమ్మలు గీస్తూ, చదువురాని పెద్దవారికి అక్షరాలు నేర్పినాడు. ఆ కార్యక్రమం పేరుకు అర్థం “ఎన్నడూ మించిపోలేదు” అని. లక్షలమంది ఆ విధంగా చదువు నేర్చినారు. ఇటాలియను తీయని భాష గనుక బ్రతకలేదు. ఎవరో ఒక పంతులు బొగ్గుముక్క పట్టుకున్నాడు గనుక బ్రతికింది.

మనకేమి తక్కువ? 2011 జనాభా లెక్కలలో ఈ దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇటలీ దేశ జనాభా మొత్తం 6 కోట్లు దాటదు. మనకంటె తక్కువమంది మాట్లాడే భాషకు తూర్పు శాఖగా ఉండటం మనకు బిరుదు! 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. 2018లో తెలంగాణలో బడులన్నింట తెలుగు తప్పనిసరి అని చట్టం వచ్చింది. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం మా నిజాంపేట పొరుగున బాచుపల్లికే తరలివచ్చింది. హోదా ఉన్నది, చట్టమున్నది, విశ్వవిద్యాలయం ఉన్నది. లిఫ్టు ప్రక్కన తెలుగు నోటీసు మాత్రం లేదు. అది పెట్టవలసినది ఢిల్లీ కాదు, మనమే.

“మాస్టారూ, ఆ దంపతులు ఇంగ్లీషు చదివినారు గనుకనే ఇటలీ పోగలిగినారు, తెలుగు చదివితే నిజాంపేట నాలుగు రోడ్ల కూడలి దాటేవారా?” అని మీలో కొందరు వ్యాఖ్య వ్రాస్తారని నాకు తెలుసు. నిజమే. నా కొడుకునూ నేను ఇంగ్లీషు బడికే పంపినాను. ఆ పాపంలో నాకూ పాలున్నది. కాని ఒకటి అడుగుతాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు ఎవరు? మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. ఇంగ్లీషే ఆయన జీవనాధారం. 1830 మే నెలలో, నడివేసవిలో, కాశీకి బయలుదేరి మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. దారిలో చూచిన నదులు, సత్రాలు, బియ్యం ధరలు, దొంగల భయాలు అన్నీ ఏ భాషలో వ్రాసుకున్నాడు? తెలుగులో! అన్నం పెట్టిన భాష మీద ఆయనకు ద్వేషం లేదు, అమ్మ భాష మీద నామోషీ లేదు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర నేటికీ చదువుకుంటున్నాము. ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన తెలుగు పోనక్కరలేదని ఆయన దాదాపు రెండు వందల ఏండ్ల క్రితమే ఋజువు చేసినాడు.

మా దంపతుల యాత్రకు మిగిలినదేమి? ఫోనులో రెండు వేల ఫోటోలు, ప్రతి దాని క్రింద రెండేసి ఇంగ్లీషు ముక్కలు. కియోజ్జా ఫోటో మాత్రం నాకు అచ్చు వేయించి ఇచ్చినారు. కాలువ, చేపల పడవలు, ఆరవేసిన వలలు. మన మచిలీపట్నం వైపు చూచినట్లే ఉన్నది. “అమ్మా, ఆ పన్నెండు రోజులనూ తెలుగులో వ్రాయరాదా?” అని అడిగినాను. “నేను వ్రాస్తే ఎవరు చదువుతారు మాస్టారూ? మా ఇంట్లోనే చదివేవారు లేరు” అన్నది. ఆ మాట నన్ను వదలడం లేదు.

వారి కూతురు నాలుగవ తరగతి. చట్టం పుణ్యమా అని తెలుగు పాఠ్యాంశంగా ఉన్నది, మార్కులు కూడ బాగానే వస్తున్నవి. ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేసి వ్రాస్తుంది. కొత్త మాట ముందు పెడితే చదవలేదు. తల్లిదండ్రులు ఇటలీలో ఉన్న పన్నెండు రోజులూ ఆ పిల్ల ఉదయం పూట మా ఇంటికి వచ్చేది. నేను అక్షరాలు దిద్దించినాను. పన్నెండు రోజులతో ఆపలేదు, ఇప్పటికీ వస్తున్నది. పోయిన వారం తల్లి నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ “క్వాం-తో కో-స్తా” అని చదివింది. తెలియని భాషను తెలుగు అక్షరాలలో తప్పు లేకుండ చదివింది. తరువాత, “తాతగారూ, ఇది తెలుగేనా?” అని అడిగింది. లిపి తెలుగే, మాట ఇటాలియను అని చెప్పినాను. “అయితే అమ్మకు తెలుగు వచ్చా?” అన్నది! తన తల్లికి తెలుగు వ్రాయడం వచ్చునన్న సంగతి ఆ బిడ్డకు అంతవరకు తెలియదు.

ఇంకొక ప్రశ్న నాకు బాకీ ఉన్నది. చాలా ఏండ్ల క్రితం ఎనిమిదవ తరగతిలో నేను ఈ ‘ఇటాలియన్’ వాక్యం చెప్పుతుండగా వెనుక బెంచీ నుండి ఒక కుర్రవాడు లేచి, “మాస్టారండీ, మరి ఇటలీవాళ్ళు వాళ్ళ భాషని పడమటి తెలుగు అంటారాండీ?” అని అడిగినాడు. తరగతి గొల్లుమన్నది. నేను వాణ్ణి వెటకారమాడినాడనుకొని గంట మ్రోగేదాకా బెంచీ మీద నిలబెట్టినాను. వాడు వెటకారమాడలేదు. మన భాష గొప్పతనాన్ని ఎందుకు మరొకరి పేరుతో కొలవాలి అని అడిగినాడు. దానికి జవాబు నా దగ్గర లేక, బెత్తముండబట్టి పంతులునైనాను. నాయనా, ఎక్కడున్నావో, ఇది నీ కంట పడితే విను. అనరు. ఇటలీవారు తమ భాషను పడమటి తెలుగు అనరు. ఇటాలియను అంటారు. అనడమే కాదు, ఆ భాషలో నోటీసులు వ్రాసుకుంటారు, బిడ్డలకు చదవడం నేర్పుకుంటారు. నీ ప్రశ్న సరియైనది. నేనే తప్పు.

కాబట్టి మిత్రులారా, నా మనవి ఇది. ఈ బిరుదును ఇక సభలలో వాడకండి. ఎవరైనా వాడితే చప్పట్లు కొట్టకండి. ఆ చేతులకు వేరే పనులున్నవి. మీ అపార్టుమెంటు నోటీసు క్రింద తెలుగులో నాలుగు పంక్తులు చేర్చండి. నేను రేపటి సంఘ సమావేశంలో ఆ మాట అడగబోతున్నాను, పాతకాలపువాడంటే అననీండి. ఇటలీ పోయినా, ఇంద్రకీలాద్రి పోయినా, తిరిగి వచ్చి నాలుగు పుటలు తెలుగులో వ్రాయండి. మీ ఇంట చదివేవారు లేకుంటే ముందు వారికి చదవడం నేర్పండి. మీకు తీరిక లేకపోతే నావంటి విశ్రాంత పంతుళ్ళు ఈ కాలనీలలో వీధికొకరున్నారు. మాకు జీతమక్కరలేదు, ఒక పలక చాలు.

మా పై అంతస్తు అమ్మాయి నిన్న సాయంత్రం రోమా ప్రయాణం మొదటి పుట వ్రాసి తెచ్చింది. అందులో పది తప్పులున్నవి. నేను ఒక్కటి కూడ దిద్దలేదు. ముందు ఆమె కూతుర్ని చదవనిస్తాను.

ఉంటాను.